పెన్సిల్ మాటలు: నెల్లూరు పాత పుస్తకాల పెద్దాయన సరుకు సర్దిన కేసు

ఈ కేసు 2021 సెప్టెంబరులో మొదలై 2023 చివర్లో ముగిసింది. నేను నెల్లూరులో పాత పుస్తకాలు కొని అమ్ముతాను, 20 ఏళ్లకు పైగా ఇదే పని. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన ఆ ఏడాది ఎండాకాలంలో పోయారు. ఆయన పేరు ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్లు వద్దన్నారు. ఆయన వెనక మిగిలిన సరుకును ఎలా సర్దాం, ఏది సరిగ్గా చేశాం, నేను ఎక్కడ తప్పు చేశాను అన్నది మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఇళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి, ఆ గడపల్లోకి అందరికంటే ముందు వెళ్లేది తూకం రాయి పట్టుకున్నవాళ్లే.

ముందు ఆయన గురించి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

1937లో పెన్న పక్కన ఒక పల్లెలో పుట్టారు. తండ్రి పురాణం చెప్పేవారు. ఇంట్లో తాటాకు కట్టలు, కొంచెం సంస్కృతం, చాలా పేదరికం. 18 ఏళ్లకు మద్రాసు వెళ్లి ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో చేరారు. అప్పట్లో మన వైపు వాళ్లకు పట్నమంటే మద్రాసే, తెలుగు పుస్తకం అచ్చు కావాలన్నా అక్కడికే పోవాలి, 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మొదలుపెట్టిన ముద్రణాలయం దగ్గర్నుంచి పెద్దవన్నీ అక్కడే ఉండేవి. 13 ఏళ్లు ప్రూఫులు దిద్ది, 1968లో నెల్లూరు తిరిగొచ్చి ట్రంకు రోడ్డు పక్క సందులో చిన్న అంగడి పెట్టారు. ముందు వరసలో స్కూలు పుస్తకాలు, గైడ్లు, పాత వారపత్రికలు. అసలు సరుకు లోపలి గదిలో. ఆ గదిలోకి ఎవరిని పిలవాలో ఆయనే తేల్చుకునేవారు, నన్ను పిలవడానికి రెండేళ్లు పట్టింది.

ఆయన సొంతంగా ఒక్క పుస్తకం కూడా వేయలేదు. కానీ తిరుపతి నుంచీ మద్రాసు నుంచీ పరిశోధన చేసేవాళ్లు ఆయన బల్ల ముందు కూర్చోవడం నేను కళ్లారా చూశాను. ఒక పద్యం రెండు అచ్చుల్లో రెండు రకాలుగా ఉంటే ఏది ఏ తాటాకు నుంచి వచ్చి ఉంటుందో నోటితో చెప్పేవారు. నెల్లూరుకు ఇది కొత్త కూడా కాదు. అచ్చు కాని గ్రంథాలను అచ్చులోకి తేవడానికే పూండ్ల రామకృష్ణయ్య 1885లో ఇక్కడి నుంచి 'అముద్రిత గ్రంథచింతామణి' అనే మాసపత్రిక నడిపారు. 1897 నాటి మొదటి 'కన్యాశుల్కం' ప్రతిని వెతికి పట్టుకుని 1969లో మళ్లీ లోకం ముందు పెట్టింది కూడా మన జిల్లావాడే, బంగోరె (బండి గోపాలరెడ్డి). 1909లో గురజాడ తన నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు కాబట్టి, ఆ మొదటి అచ్చు కనపడకపోతే ఆయన ఎక్కడ బయల్దేరి ఎక్కడికి వచ్చారో మనకు తెలిసే దారే ఉండేది కాదు. పెద్దాయన ఈ రెండు పేర్లూ చాలా గౌరవంగా తలుచుకునేవారు. మూడో పేరుగా తనను అనుకున్నట్టు మాత్రం ఎప్పుడూ కనపడలేదు.

నాకు ఆయన చెప్పిన మాటల్లో ఇప్పటికీ రోజూ వాడేది ఒకటుంది. "పుస్తకం కొనేటప్పుడు ముందు ఇల్లు చూడు నాయనా. పుస్తకం ఎక్కడికీ పోదు, తర్వాత చూద్దువులే." అప్పుడు దాన్ని బేరం సలహా అనుకున్నాను.

సెప్టెంబరులో ఆయన కూతురు కావలి నుంచి ఫోన్ చేసింది. "అన్నా, ఇల్లు అమ్మేస్తన్నాం. పాత పేపర్ల ఆయన వచ్చి చూసిపోయినాడు, కిలో 14 అంటన్నాడు. నాన్న పుస్తకాలు తూకానికి ఇయ్యాలంటే నాకు చేతులు రావటంలా." కొడుకు బెంగళూరులో ఉంటాడు, దీపావళి లోపు తేల్చేయమన్నాడు. అతన్ని నేను తప్పు పట్టను, ఇల్లు కొనేవాళ్లు తొందర పెడుతుంటే ఎవరైనా అదే అంటారు. సుమారు 1,600 కిలోలు, అంటే 22,400 రూపాయలు. అప్పటికి అది ఒక్కటే చేతిలో ఉన్న బేరం.

నేను వెళ్లి చూస్తే అచ్చు పుస్తకాలు 3,860, తాటాకు కట్టలు 17, ఆయన చేత్తో రాసుకున్న ఖాతా పుస్తకాలు 9. మొదటి రెండు రోజులు ఏదీ కదపకుండా ప్రతి అరనూ ఫోన్‌తో ఫోటో తీశాను. ఈ కేసులో నేను చేసిన మంచి పని అదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటాను. అరల్లో ఒక వరస ఉంది కానీ అది నాకు అర్థం కాలేదు. వైద్యం పక్కన వ్యాకరణం, దాని పక్కన మిషన్ వాళ్ల కరపత్రం, ఆ పక్కన పంచాంగం. విషయం ప్రకారం కాదు, అకారాది కాదు, సైజు కూడా కాదు. వయసు మీద పడి సర్దలేకపోయారనుకున్నాను. అది తప్పు. ఆయన పుస్తకాలను ఇళ్ల ప్రకారం పెట్టుకున్నారు. ఏ ఇంటి నుంచి కొన్నవి ఆ ఇంటి గుంపుగా, 30, 40 ఏళ్లు అలాగే.

ఇక నా అసలు తప్పు. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపలివైపు, కింద మూలన పెన్సిల్‌తో ఒక చిన్న మాట ఉంది. 'శివ'. 'మాట'. 'జయ'. 'నేల'. 'గోవు'. పాత పుస్తకాల్లో ఇలాంటివి మామూలే, పాత యజమానులు రాసుకున్న పేర్లో, పిల్లల రాతలో అనుకున్నాను. దీపావళి లోపు తేల్చాలన్న టెన్షన్లో మొదటి అరలో మంచి పుస్తకాలు కొన్ని అమ్మకానికి సిద్ధం చేద్దామని దుమ్ము దులిపి, కుంచెతో తుడిచి, ఆ పెన్సిల్ మాటలను మెత్తటి రబ్బరుతో చెరిపేశాను. మూడు సాయంత్రాలు కూర్చుని 71 పుస్తకాలు. చాలా శుభ్రంగా చేశాను.

72వది ఒక క్రైస్తవ కరపత్రాల బైండు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో 1840 నుంచీ పని చేసింది, ఆ తర్వాత ఒంగోలులో ఇంకా పెద్దగా పెరిగింది, కాబట్టి మన వైపు ఇళ్లలో అలాంటి కరపత్రాలు దొరకడంలో వింత లేదు. వింత ఏమిటంటే దాని వెనక కూడా 'శివ' అని ఉంది. చెయ్యి ఆగింది. మిషన్ పుస్తకం మీద శివ అని రాసుకున్న పాత యజమాని ఎవరై ఉంటాడు? పైగా చేతిరాత పెద్దాయనదే, ప్రూఫులు దిద్దిన చెయ్యి కాబట్టి ఆ గుండ్రటి 'శ' నాకు బాగా తెలుసు.

ఖాతా పుస్తకాలు తీశాను. ఒక్కో వరసలో నంబరు, తేదీ, ఊరు లేదా వీధి, పుస్తకం పేరు, ఇచ్చిన ధర, దాని పక్కన ఒకటి రెండు వాక్యాలు. కరపత్రాల బైండుకు 45 రూపాయలు. 'శివ' ఉన్న ఇంకో పుస్తకం వెతికాను, 45. మూడోది, 45. 'జయ' ఉన్నవి చూస్తే 18. అక్కడ తల తిరిగింది, ఎందుకంటే జయ అంటే 18 అన్నది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. భారతానికి జయమని పేరు, భారతం 18 పర్వాలు, కటపయాది లెక్కలో జయ అంటే 18 అని మా తాత చెప్పేవాడు. మిగిలిన 15 పర్వాలు తిక్కన తెలుగు చేసిన ఊళ్లో కూర్చుని ఈ సంగతి తట్టడానికి నాకు 71 పుస్తకాలు పట్టింది.

కటపయాది తెలియనివాళ్ల కోసం చెబుతాను. అక్షరాలకు అంకెలు ఉంటాయి. క, ట, ప, య లతో లెక్క మొదలు, ఇవన్నీ 1. అక్కడి నుంచి వరసగా ఖ, ఠ, ఫ, ర లు 2, గ, డ, బ, ల లు 3, ఘ, ఢ, భ, వ లు 4, ఙ, ణ, మ, శ లు 5. చ, త, ష 6, ఛ, థ, స 7, జ, ద, హ 8, ఝ, ధ 9. ఞ, న లు సున్నా. గుణింతం లెక్కలోకి రాదు. వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. శివ అంటే శ 5, వ 4, తిప్పి చదివితే 45. గోవు 43. నేల 30. మరక 125, ఆ మాట ఉన్న పుస్తకం మీద నిజంగానే పెద్ద నీళ్ల మరక ఉంది.

పాత పుస్తకాల వ్యాపారంలో కొన్న ధరను గుట్టుగా రాసుకోవడం అన్ని చోట్లా ఉంది, బేరమాడేటప్పుడు వ్యాపారికి తన అసలు తెలియాలి, ఎదుటివాడికి తెలియకూడదు. పది అక్షరాల మాట ఒకటి పెట్టుకుని ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె అనుకుంటారు. ఈయన మాత్రం జ్యోతిషులూ గణితజ్ఞులూ వందల ఏళ్లుగా వాడిన లెక్కను తీసుకున్నారు. అంతవరకు ఇది ఒక పండితుడి అలవాటు అనుకుని ఊరుకోవచ్చు. ధరలు ఖాతాలో అంకెల్లో ఉన్నాయి కాబట్టి నేను చెరిపేసిన మాటల వల్ల పోయిందేమీ లేదని ఒక రాత్రంతా సంతోషించాను కూడా.

మర్నాడు 18 రూపాయల పుస్తకాలన్నీ ఒక చోట పెట్టాను, 23 ఉన్నాయి. 14 మీద 'జయ' ఉంది. 9 మీద 'దయ' ఉంది.

ద కూడా 8 కాబట్టి దయ కూడా 18. ఒకే ధరకు రెండు మాటలు ఎందుకు? ఖాతాలో పక్కన రాసిన వాక్యాలు చదివాను. 'దయ' ఉన్న తొమ్మిదింటి పక్కనా ఇలాంటివే. "పిల్ల పెళ్లి." "ఇల్లు ఖాళీ చేస్తున్నారు." "భర్త పోయి నెల." అందులో నాలుగింటికి "అడిగింది 16" అనో "అడిగింది 17" అనో కూడా ఉంది, ఇచ్చింది 18. 'జయ' ఉన్నవి చూస్తే వేలంలో పాడుకున్నవి, గట్టి బేరం మీద దక్కినవి, ఇంకో వ్యాపారి కంటే ముందు చేరుకుని కొన్నవి. 15 రూపాయలవి చూశాను. మాట అన్నా 15, మాయ అన్నా 15. 'మాట' ఉన్న 11 పుస్తకాలూ ఏదో ఒక మాట ఇచ్చి తెచ్చుకున్నవి, 'మాయ' ఉన్న మూడింటి పక్కన ఖాతాలో "లోపల పుటలు లేవు, ముందు చెప్పలేదు" అని ఉంది. 45లో చాలావరకు 'శివ', ఒక్కదాని మీద మాత్రం 'శవం'. తెరిచి చూస్తే చెదలు లోపలంతా తినేసి అట్టలు మాత్రమే మిగిల్చిన పుస్తకం. దాన్ని ఎందుకు కొన్నారో, 30 ఏళ్లు ఎందుకు దాచారో నాకు తెలియదు.

ధర ఖాతాలో ఉంది. మాట పుస్తకంలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఏ ఇంట్లో ఏ స్థితిలో తన చేతికి వచ్చిందో, తను ఆ ఇంటివాళ్లతో ఎలా నడుచుకున్నాడో ఆయన ఒక్క మాటలో దాచుకున్నాడు. ఆ మాటలు 71 చోట్ల నేను చెరిపేశాను.

ఇదంతా తెలిసేసరికి నవంబరు వచ్చింది, దీపావళి దాటిపోయింది, గడువు పొడిగించమని కొడుకును అడిగాను, పాపం ఒప్పుకున్నాడు. అప్పుడు పెన్న వచ్చింది. 2021 నవంబరు వరద మన వైపు వాళ్లెవరూ మర్చిపోలేరు, సోమశిల నుంచి వదిలిన నీళ్లు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోవడం, హైవే తెగడం. పెద్దాయన ఇల్లు ఒడ్డుకు దగ్గరి వీధిలో ఉంది. కింది అరల వరకు నీళ్లు వచ్చాయి. 264 పుస్తకాలు, రెండు ఖాతాలు తడిశాయి.

తడిసిన పుస్తకం గురించి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో ప్రతి కార్తీకంలోనూ ఈ ప్రశ్న వస్తుంది. బూజు పట్టడానికి రెండు మూడు రోజులు చాలు. అంత తక్కువ టైములో 264 పుస్తకాలను ఫ్యాన్ల కింద ఆరబెట్టలేం. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోతుంది, అట్ట విరుగుతుంది, ఇస్త్రీ పెట్టె సంగతి తలపెట్టనే వద్దు. ఆరబెట్టలేకపోతే గడ్డకట్టించాలి. గడ్డకట్టిన పుస్తకంలో బూజు పెరగదు, పురుగు కూడా చస్తుంది, తర్వాత నెలలు పట్టినా నిదానంగా కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. నెల్లూరులో కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు, రొయ్యల వ్యాపారం ఉన్న ఊరు. కానీ తినే సరుకు పక్కన బురద పుస్తకాలు పెట్టుకోమని ఎవరినీ అడగలేం, అడిగిన ఒకాయన చెప్పింది కూడా అదే, న్యాయమే. ఆ ముసురులో ఐస్‌క్రీం అమ్మకాలు లేక ఒక ఏజెన్సీ ఆయన దగ్గర రెండు డీప్ ఫ్రీజర్లు ఖాళీగా ఉన్నాయి. నెలకు ఇంతని కరెంటు బిల్లు మేం కట్టేలా మాట్లాడుకున్నాం. బురదను పైపైన నీళ్లతో కడిగి, తెరవకుండా, ఒక్కో పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వీపు కిందికి వచ్చేలా నిలబెట్టి పెట్టాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు నాలుగైదు తీసి, పేజీల మధ్య అచ్చు లేని న్యూస్‌ప్రింట్ పెట్టి, తడి పీల్చినప్పుడల్లా మార్చి, ఫ్యాన్ గాలి దూరంగా తగిలేలా ఆరబెట్టాం. ఆయన కూతురు ప్రతి శనివారం కావలి నుంచి బస్సులో వచ్చి ఈ పని చేసింది.

226 దక్కాయి. 38 పోయాయి. పోయినవాటిలో ఎక్కువ ఈ మధ్యకాలపు నున్నటి ఆర్ట్ పేపర్ పత్రికలే, ఆ కాగితం తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అయిపోతుంది. 1870లకు ముందరి గుడ్డ పీచు కాగితం మాత్రం ఆశ్చర్యంగా నిలబడింది. ఎర్ర కాలికో (బైండు గుడ్డ) అట్టలున్నవి రంగు వదిలి పక్కవాటిని కూడా పాడుచేశాయి. రెండు ఖాతాల్లో ఒకదాని సిరా సగం కరిగిపోయింది.

ఆ ఆరబెట్టే రోజుల్లోనే ఇంకో సంగతి బయటపడింది. తడి పేజీలు ఒక్కొక్కటిగా తిప్పుతుంటే 18వ పేజీలో, కుట్టుకు దగ్గరగా, తెలుగు అంకెల్లో చిన్న నంబరు కనపడింది. అన్నిటిలోనూ అదే 18వ పేజీ. ఖాతా నంబరు అది. గ్రంథాలయాల్లో ఒక నిర్ణీత పేజీ మీద ముద్ర వేస్తారు కదా, అట్ట చిరిగినా పుస్తకం ఎవరిదో తెలియడానికి, అదే పద్ధతి. దీంతో నేను చెరిపిన 71లో 66 పుస్తకాలకు ఖాతా వరస దొరికింది, మిగిలిన అయిదింటిలో 18వ పేజీయే లేదు.

మాటల కోసం ఇంకో పని చేశాను. రబ్బరు పెన్సిల్ మసిని తీస్తుంది, ఒత్తిడి వల్ల కాగితం మీద పడిన గాడిని తీయలేదు. చీకటి గదిలో టార్చి లైటును కాగితానికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేస్తే గాడి నీడ పడుతుంది. కోణం మార్చుతూ ఫోటోలు తీయాలి, ఒక్కో మాటకు 20, 30. ఇలా 29 మాటలు చదవగలిగాను. 42 చదవలేకపోయాను, మందమైన అట్ట కాగితం మీద ఆయన చెయ్యి చాలా తేలిక.

ఆ 42లో ఒకదాని గురించి చెప్పాలి.

వైద్య గ్రంథం అట్ట, లోపల మొదటి నాలుగైదు ఆకులు కూడా వైద్యానివే, ఆ తర్వాత పద్యాలు. టైటిల్ పేజీ లేదు, ముందుమాట లేదు. మొదట చూసినప్పుడు బైండరు పొరపాటున రెండు చిరిగిన పుస్తకాలను కలిపి కుట్టాడనుకుని లోపం ఉన్న సరుకులో పడేశాను. చదివితే తెలిసింది, ముద్దుపళని 'రాధికాసాంత్వనము'. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో రాసిన ఈ కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠంతో అచ్చు వేయించారు, అంతకు ముందరి అచ్చులో అవతారిక, అంటే కవయిత్రి తన గురించి చెప్పుకునే తొలి భాగం, తీసేశారు. మరుసటి ఏడాదే అశ్లీలమని ప్రభుత్వం దాని మీద పడింది, ప్రతులు పట్టుకుపోయారు. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రభుత్వ పెద్దగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు, 1952లో వావిళ్ల వారే మళ్లీ వేశారు. మా ప్రతిలో అవతారిక ఉంది, కాబట్టి పాత అచ్చు కాదు. 1952 ప్రతిని పక్కన పెట్టుకుని అక్షరాలూ పేజీలూ పోల్చాను, అదీ కాదు.

18వ పేజీలో నంబరు పట్టుకుని ఖాతా తీస్తే 1971 నాటి వరస. "రంగనాయకులపేట. పెద్దామె. అట్ట వేరేదానిది. పోలీసు భయానికి మామగారు మార్పించారట. ఆమె ఉన్నంతకాలం అమ్మనని చెప్పాను. 15."

ఈ నాలుగు ముక్కలు లేకపోతే అది టైటిల్ పేజీ లేని, వేరే అట్ట వేసిన, సగం ధర కూడా రాని ప్రతి. ఇవి ఉన్నాయి కాబట్టి నిషేధం ఉన్న రోజుల్లో నెల్లూరులో ఒక ఇల్లు ఒక పుస్తకాన్ని కాపాడుకోవడానికి ఏం చేసిందో చూపించే సాక్ష్యం. చిరిగిన టైటిల్ పేజీ లోపం కాదు, అదే దాని కథ. అందుకే నా దగ్గరికి కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదట చెప్పేది, పాత పుస్తకాన్ని బాగుచేసే ముందు అది ఎందుకు అలా ఉందో కనుక్కోమని. సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ వద్దు, కొత్త కాలికో బైండు వద్దు, పెన్సిల్ రాత ఏదైనా సరే చెరపొద్దు.

మిగతా వాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏ ఏడాది అచ్చయిందో తేల్చే తంటా చాలా పుస్తకాలకు వచ్చింది. ఒక శతకానికి టైటిల్ పేజీ లేదు, చివర 'భావ నామ సంవత్సర' అని మాత్రమే ఉంది. 60 ఏళ్లకొకసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 1874 కావచ్చు, 1934 కావచ్చు. మాటల మధ్య ఖాళీ లేకుండా పంక్తి మొత్తం కలిపి కూర్చిన తీరు, కాగితం చూసి 1874 అని తేల్చాం. 1867లో ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం వచ్చాక ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చు వేసిన ఊరు ఉండాలన్న నియమం ఉండేది, కాబట్టి ఒక్క ఆకు దొరికినా సగం పని అయిపోతుంది, అది మాకు దొరకలేదు. పత్రికల దగ్గర కష్టం ఇంకో రకం, బైండు చేయించేటప్పుడు అట్టలు పీకేస్తారు, తేదీలూ చందా వివరాలూ కొత్త పుస్తకాల ప్రకటనలూ ఉండేది ఆ అట్టల మీదే. 'అముద్రిత గ్రంథచింతామణి' సంచికలు అట్టలతో సహా 11 దొరికాయి, వాటిని ఎవరికీ విడివిడిగా ఇవ్వకూడదని అప్పుడే అనుకున్నాం. పోల్చి చూసుకోవడానికి రెండు సార్లు వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాను. 1918 నుంచీ పుస్తకాలూ పత్రికలూ కాపాడుతున్న ఆ లైబ్రరీ ఇంత దగ్గరలో ఉండటం మనవాళ్ల అదృష్టం.

తాటాకుల విషయంలో ఒక ఫోన్ వచ్చింది. 17 కట్టలూ మొత్తంగా కొంటానని, విదేశంలో ఒకరి కోసమని, పెద్ద మొత్తమే చెప్పాడు. కొడుకు నన్ను అడిగాడు, నేను వద్దన్నాను. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న చేతిరాత ప్రతి పురావస్తువు కిందికి వస్తుంది, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు మనుషులు దేశం దాటించడం కుదరదు. చట్టం లేకపోయినా వద్దనే అనేవాణ్ని, అది వేరే సంగతి. కట్టలను విడదీయకుండా, నూనెలు గీనెలు మేం పూయకుండా, పాత గుడ్డల్లోనే చుట్టి తిరుపతిలో తాళపత్రాలు చూసుకునే చోటికి చేర్చాం. అతుక్కున్న తాటాకును వేళ్లతో లాగితే గంటంతో గీసిన అక్షరం పొరతో సహా లేచి వస్తుంది, అది తెలిసినవాళ్ల చేతుల్లోనే జరగాలి.

అచ్చు పుస్తకాల్లో సుమారు 2,900 మామూలువి, పురాణాలు, పాఠ్యపుస్తకాలు, నవలలు. పాతది కాబట్టి విలువైనది అనుకోవడం జనంలో బాగా ఉన్న పొరపాటు. వేలాది ప్రతులు వేసి ఇంటింటా ఉన్న పుస్తకం నూరేళ్లదైనా నూరు రూపాయలకు మించదు. వాటిని నిదానంగా అమ్మాను. మిగిలిన తొమ్మిది వందల చిల్లరను ఇళ్ల గుంపులుగానే ఉంచాను, నా ఫోటోల్లో ఉన్న వరసలోనే, ప్రతి గుంపుకూ ఖాతాలో దానికి సంబంధించిన పేజీల స్కాన్ జత చేసి. గుంపును విడదీయనన్న వాళ్లకే ఇచ్చాను. దీనివల్ల ధర తగ్గింది, విడివిడిగా అమ్మితే ఇంకా వచ్చేది, ఆ సంగతి ఇంటివాళ్లకు ముందే చెప్పి ఒప్పించాను. నా కమిషన్ పోను రెండేళ్లలో ఆ కుటుంబానికి 4,10,000 రూపాయలు చేరింది. తొమ్మిది ఖాతాలు మాత్రం అమ్మలేదు, కూతురి దగ్గర ఉన్నాయి.

కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఆయన దగ్గర పుస్తకాలు కొన్నవాళ్లు చాలామందే ఉంటారు. వెనక అట్ట లోపల కింద మూలన పెన్సిల్ మాట ఉంటే 18వ పేజీ కుట్టు దగ్గర చూడండి. నంబరు ఉంటే అది ఏ ఇంటి నుంచి వచ్చిందో ఖాతా చూసి చెప్పగలం. మాటను మాత్రం ఉన్నదున్నట్టు ఫోటో తీసి పంపండి.

రంగనాయకులపేట పుస్తకం జాబితా కార్డు నేనే రాశాను. టార్చి వెలుగులో మొదటి అక్షరం 'మా' స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది ఎన్ని కోణాల్లో చూసినా తేలలేదు. ఖాతాలో ఆ వాక్యం చదివినవాళ్లెవరైనా అది 'మాట' అనే అంటారు, నా మనసూ అదే అంటుంది. కానీ కార్డు మీద అలా రాయలేదు. "వెనక అట్ట లోపల పెన్సిల్ రాత: మా... రెండో అక్షరం చెరిగింది. 2021 అక్టోబరులో ఈ జాబితా రాసినవాడే చెరిపాడు" అని రాశాను.